ముగ్గురు మనుషుల ప్లంబింగ్ జట్టుకు కొత్త కార్మిక చట్టాలతో పనేంటి?

హైదరాబాద్ శివార్లలో కడుతున్న ఒక ఐదంతస్తుల అపార్ట్‌మెంట్. మూడో అంతస్తు బాత్రూమ్‌లో హెల్పర్ గోడకు గాడి కొడుతున్నాడు. దుమ్ము పోకుండా ముక్కు చుట్టూ తువ్వాలు కట్టుకున్నాడు. పక్కనే ఇంకొకడు సీపీవీసీ పైపు కోసి, మొనకు సొల్యూషన్ రాసి, ఎల్బోలోకి దూర్చి కదలకుండా పట్టుకుని కూర్చున్నాడు. మేస్త్రీ కింద బిల్డర్ ఆఫీసు గుమ్మం దగ్గర పోయిన నెల బిల్లు కోసం నిలబడ్డాడు. ముగ్గురూ ఒకే బండి మీద వచ్చారు. వీళ్లకు బోర్డు లేదు, లెటర్‌హెడ్ లేదు, హాజరు పుస్తకం లేదు. అయినా ఇదీ వ్యాపారమే. ఊళ్లలోనూ నగరాల్లోనూ మన ఇళ్లకు నీళ్లు తెచ్చి, మురుగు బయటికి పంపే పని చాలావరకు ఇలాంటి జట్ల చేతుల మీదుగానే జరుగుతోంది.

2025 నవంబర్ 21న నాలుగు లేబర్ కోడ్‌లు అమల్లోకి వచ్చాయి. వేతనాల కోడ్‌ను పార్లమెంటు 2019లోనే ఆమోదించింది. పారిశ్రామిక సంబంధాలు, సామాజిక భద్రత, వృత్తి భద్రత - ఆరోగ్యం - పని పరిస్థితుల కోడ్‌లు 2020లో ఆమోదం పొందాయి. 29 పాత కేంద్ర చట్టాల స్థానంలో ఇప్పుడు ఇవే ఉన్నాయి. వార్తల్లో ఎక్కువగా నలిగింది ఐటీ ఉద్యోగుల చేతికొచ్చే జీతం, ఫ్యాక్టరీల్లో సమ్మెలు, రాత్రి షిఫ్టుల్లో మహిళలు. ప్లంబింగ్ లాంటి పనుల ఊసు పెద్దగా లేదు. అందుకే ‘అవన్నీ కంపెనీలకు, మనకెందుకు’ అనుకునే మేస్త్రీలు చాలామంది ఉన్నారు. కొన్ని విషయాల్లో వాళ్ల మాట నిజమే. మిగతా విషయాల్లో అలా అనుకుని ఊరుకుంటే ఒక్క ప్రమాదంతో ఇల్లూ వాకిలీ పోయే పరిస్థితి వస్తుంది. ఏది వర్తిస్తుందో, ఏది వర్తించదో విడదీసి చూడటం అందుకే అవసరం.

తలల లెక్క

మన కార్మిక చట్టాల్లో చాలావాటికి ముందు తలలు లెక్కపెట్టాలి. పది మంది ఉంటే ఈఎస్‌ఐ (కార్మికుల ఆరోగ్య బీమా), గ్రాట్యుటీ (ఉద్యోగం వదిలేటప్పుడు ఇచ్చే మొత్తం). 20 మంది ఉంటే పీఎఫ్, బోనస్. 1970 నాటి కాంట్రాక్టు కార్మికుల చట్టం 20 మందితో మొదలయ్యేది, కొత్త కోడ్ దాన్ని 50కి పెంచింది. స్టాండింగ్ ఆర్డర్లకు, అంటే సంస్థ రాసిపెట్టుకోవాల్సిన ఉద్యోగ నిబంధనలకు, ఇప్పుడు 300 మంది ఉండాలి. వృత్తి భద్రతా కోడ్ కూడా మామూలుగా పది మంది, అంతకంటే ఎక్కువ పనివాళ్లున్న చోటికే వర్తిస్తుంది. ఉద్యోగికి నియామక పత్రం ఇవ్వాలన్న నిబంధన ఉన్నది ఈ కోడ్‌లోనే. అంటే ‘ప్రతి కార్మికుడికీ అపాయింట్‌మెంట్ లెటర్’ అని ప్రకటనల్లో విన్న మాట ముగ్గురున్న జట్టు దాకా రాదు.

ప్లంబింగ్ వైపు నుంచి చూస్తే ఈ లెక్క చాలా అన్యాయంగా కనిపిస్తుంది. సంపులోకి దిగేవాడికి ప్రమాదం, జట్టులో ఎంతమంది ఉన్నారన్న దాన్ని బట్టి రాదు. నిజానికి జట్టు చిన్నదైన కొద్దీ పైన నిలబడి తాడు పట్టుకునేవాడు కూడా ఉండడు. రక్షణ ఎక్కువ కావాల్సిన చోటే చట్టం చెయ్యి తక్కువగా అందుతోంది. కాంట్రాక్టు కార్మికుల సంఖ్యను 20 నుంచి 50కి పెంచడం ఈ రంగానికి మేలు చేసే మార్పు కాదు.

అయితే ఒక చిన్న తలుపు తెరిచి ఉంది. పది మంది లేకపోయినా యజమాని, ఎక్కువమంది పనివాళ్లు కలిసి ఒప్పుకుంటే ఈఎస్‌ఐలో చేరే వీలు సామాజిక భద్రతా కోడ్ ఇచ్చింది. ఈఎస్‌ఐకి యజమాని వాటా 3.25 శాతం, కార్మికుడి వాటా 0.75 శాతం. నెలకు 15,000 వేతనం ఉన్న హెల్పర్‌కు ఇద్దరి వాటా కలిపి 600 రూపాయలు. ఆ డబ్బుతో అతనికీ కుటుంబానికీ వైద్యం, పనిలో దెబ్బ తగిలితే నగదు సాయం దొరుకుతాయి. ఇంకో సంగతి, ప్రాణాపాయం ఉన్న పనులుగా కేంద్రం నోటిఫై చేసిన చోట ఒక్క మనిషి ఉన్నా ఈఎస్‌ఐ తప్పనిసరి చేసే అధికారం కూడా ఆ కోడ్‌లో ఉంది. మురుగు పనిని ఆ కోవలో చేర్చాలని ప్లంబర్ల సంఘాలు గట్టిగా అడగాలి.

కూలీ డబ్బుకు తలల లెక్క లేదు

వేతనాల కోడ్ దగ్గరికి వచ్చేసరికి కథ మారుతుంది. 1948 నాటి కనీస వేతనాల చట్టం ప్రభుత్వం షెడ్యూల్‌లో చేర్చిన పనులకే వర్తించేది. ఇప్పుడు ఏ పనైనా, యజమాని దగ్గర ఒక్కడే పని చేస్తున్నా కనీస వేతనం ఇవ్వాల్సిందే. హెల్పర్‌ను నైపుణ్యం లేనివాడిగా లెక్కేసి, అతని చేత ఫిట్టర్ పని చేయించడం ఈ రంగంలో అందరికీ తెలిసిన అలవాటు. కనీస వేతనం నైపుణ్యాన్ని బట్టి మారుతుంది కాబట్టి, చేసిన పనికి తగ్గ రేటు ఇవ్వకపోతే అది తక్కువ వేతనం కిందికే వస్తుంది.

ఎంత ఇవ్వాలన్న దానికంటే ఎప్పుడు ఇవ్వాలన్న దగ్గరే ప్లంబింగ్ మేస్త్రీ ఎక్కువగా దొరికిపోతాడు. రోజు కూలీకి పెట్టుకున్నవాడికి ఆ రోజు పని ముగిసేసరికి డబ్బు చేతిలో పెట్టాలి. వారం లెక్కైతే సెలవుకు ముందు పనిదినాన, నెల జీతమైతే తర్వాతి నెల 7వ తేదీలోగా ఇవ్వాలి. మనిషి మానేసినా, మనం వద్దన్నా రెండు పనిదినాల్లో లెక్క తేల్చాలి. ‘బిల్డర్ దగ్గర బిల్లు ఆగింది, రాగానే ఇస్తా’ అన్న మాటకు ఈ కోడ్‌లో చోటు లేదు. బిల్డర్‌తో ఉన్న తగువు మేస్త్రీది, హెల్పర్‌ది కాదు. ఇది మేస్త్రీకి కష్టమైన నిబంధనే. కానీ ఇన్నేళ్లూ ఆ కష్టాన్ని మోసింది నెలాఖరుకు కిరాణా కొట్లో ఖాతా తీర్చలేని హెల్పర్ అన్నది మరిచిపోకూడదు.

అడ్వాన్సుల సంగతీ ఇంతే. దసరాకో, పెళ్లికో 20,000 ఇచ్చి, తర్వాత రెండు మూడు వారాలు కూలీ మొత్తం పట్టుకోవడం చాలాచోట్ల జరుగుతుంది. అడ్వాన్సు పట్టుకోవడం తప్పు కాదు. అయితే అన్ని కోతలూ కలిపి ఆ విడత వేతనంలో సగం దాటకూడదు.

స్లాబు వేసే ముందు రాత్రి ప్రతి ప్లంబర్‌కూ తెలుసు. పొద్దున్నే కాంక్రీటు వస్తుంది, అప్పటికి పైపులు దిగే చోట్లన్నీ స్లీవులు (స్లాబులో పైపుకు దారి ఉంచే గొట్టపు ముక్కలు) పెట్టి, మూతులకు గోనెపట్టా కుక్కి, ఇనుముకు కట్టేసి ఉండాలి. పొద్దున ఎనిమిదికి ఎక్కినవాళ్లు రాత్రి పదికి దిగుతారు. మామూలు పనిదినం ఎనిమిది గంటలు. దానిపైన చేసిన పనికి కనీసం రెండింతల రేటు కట్టాలి. బిర్యానీ పెట్టించడం మంచి అలవాటే, కానీ అది ఓవర్‌టైమ్‌కు బదులు కాదు. కాబట్టి బిల్డర్‌కు కొటేషన్ ఇచ్చేటప్పుడే స్లాబు రాత్రుల ఖర్చును కలిపి చెప్పాలి. పాయింటు లెక్కన ఒప్పుకున్న రేటులో అది కలవకపోతే చివరికి మేస్త్రీ జేబులోంచో, హెల్పర్ ఒంట్లోంచో పోతుంది.

ఇక అసలు జాగ్రత్త పడాల్సింది రుజువు దగ్గర. జీతం అందలేదని కార్మికుడు ఫిర్యాదు చేస్తే, ఇచ్చానని నిరూపించుకునే బాధ్యత యజమానిదే. ఆ ఫిర్యాదుకు మూడేళ్ల దాకా గడువుంది. శనివారం సాయంత్రం టీ కొట్టు దగ్గర చేతిలో పెట్టిన నోట్లకు మూడేళ్ల తర్వాత సాక్ష్యం ఎక్కడ దొరుకుతుంది? నిజంగా ఇచ్చినవాడు కూడా ఇక్కడ ఓడిపోతాడు. దీనికి పెద్ద సాఫ్ట్‌వేర్ ఏమీ అక్కర్లేదు. రోజు, మనిషి పేరు, సైటు, గంటలు, ఇచ్చిన డబ్బు, సంతకం పట్టే ఒక లాంగ్ నోట్‌బుక్ చాలు. ఫోన్‌పేలోనో గూగుల్ పేలోనో పంపేటప్పుడు ‘మార్చి రెండో వారం కూలీ’ అని ఒక్క ముక్క రాస్తే అదీ రుజువే. తక్కువ వేతనం ఇచ్చినట్టు తేలితే 50,000 రూపాయల దాకా జరిమానా. ఐదేళ్లలోపు అదే తప్పు మళ్లీ చేస్తే మూడు నెలల దాకా జైలు, లక్ష రూపాయల దాకా జరిమానా, లేదా రెండూ. రికార్డుల్లాంటి లోపాలకు మాత్రం అధికారి నేరుగా కేసు పెట్టకుండా ముందు సరిదిద్దుకునే అవకాశం ఇవ్వాలి.

దెబ్బ తగిలితే ఎవరు కట్టాలి

ప్రమాద పరిహారానికీ తలల లెక్క లేదు. చాలామంది మేస్త్రీలకు తెలియనిదీ, తెలిస్తే రాత్రి నిద్ర పట్టనిదీ ఇదే. ఈఎస్‌ఐ వర్తించని చోట పనిలో ఉండగా హెల్పర్ చనిపోతే పరిహారం యజమానే కట్టాలి. 1923 నాటి ఉద్యోగుల పరిహార చట్టంలోని లెక్క పద్ధతినే సామాజిక భద్రతా కోడ్ కొనసాగించింది. నెల వేతనంలో సగాన్ని వయసును బట్టి నిర్ణయించిన గుణకంతో హెచ్చించాలి. 30 ఏళ్ల మనిషికి ఆ గుణకం 207.98. 2020లో నోటిఫై చేసిన దాని ప్రకారం నెల వేతనాన్ని 15,000 వరకే లెక్కలోకి తీసుకుంటారు. 7,500ను 207.98తో హెచ్చిస్తే 15,59,850 రూపాయలు. డక్టులో పరంజా జారి పడిన ఒక్క హెల్పర్ కోసం, బాత్రూమ్‌కు ఇంత అని పని పట్టే మేస్త్రీ కట్టాల్సిన మొత్తం అది. ఆలస్యమైతే వడ్డీ వేరే.

‘తాగి ఉన్నాడు, చెప్పినా వినలేదు’ అన్న వాదన చిన్న దెబ్బలకు పనికొస్తుందేమో కానీ, మనిషి చనిపోయినా, జన్మంతా పని చేయలేని స్థితికి వచ్చినా చెల్లదు. కొత్త కోడ్ ఇంకో మెట్టు పైకెళ్లింది. ఇంటి నుంచి పనికి వచ్చే దారిలోనో, తిరిగి వెళ్లే దారిలోనో జరిగిన ప్రమాదం కూడా, పనికీ ఆ ప్రయాణానికీ సంబంధం ఉంటే, పనిలో జరిగినట్టే లెక్క. ఒక బండి మీద ముగ్గురు ఎక్కి, భుజాన పది అడుగుల పైపులు అడ్డంగా పెట్టుకుని పోయే జట్లకు ఇది నేరుగా తగిలే మార్పు.

దీనికి మందు బీమా. ఉద్యోగుల పరిహార పాలసీలను సాధారణ బీమా కంపెనీలు ఏళ్ల తరబడి అమ్ముతున్నాయి. ముగ్గురు నలుగురి పేర్ల మీద కూడా తీసుకోవచ్చు. బండికి థర్డ్ పార్టీ బీమా కట్టే మేస్త్రీ మనుషులకు కట్టకపోవడానికి పిసినారితనం కారణం కాదు. అలాంటి పాలసీ ఒకటి ఉందని అతనికి ఎవరూ చెప్పలేదు. హార్డ్‌వేర్ షాపుల్లో కంపెనీలు పెట్టే ప్లంబర్ మీటింగుల్లో గిఫ్టు కూపన్లతో పాటు ఈ పాలసీ ఫారాలు కూడా పంచితే ఎంతో మేలు.

క్రిమినల్ కేసు విషయంలోనూ మార్పు వచ్చింది. నిర్లక్ష్యం వల్ల మరణం సంభవిస్తే ఐపీసీ 304ఏ కింద గరిష్ఠ శిక్ష రెండేళ్లు ఉండేది. 2024 జులై 1 నుంచి అమల్లో ఉన్న భారతీయ న్యాయ సంహిత 106వ సెక్షన్ దాన్ని ఐదేళ్లు చేసింది.

మొదట్లో చెప్పుకున్న, గాడి కొట్టే హెల్పర్ ముక్కుకున్న తువ్వాలునూ ఓసారి చూడాలి. ఇటుక, కాంక్రీటు దుమ్ములో సిలికా ఉంటుంది. ఊపిరితిత్తుల్లో పేరుకుంటే సిలికోసిస్ వస్తుంది, అది నయం కాదు. చట్టం దాన్ని వృత్తి వ్యాధిగా గుర్తించింది. తువ్వాలు ఆ సన్నని దుమ్మును ఆపలేదు. గోడను ముందు తడిపి కొట్టడం, సరైన మాస్కు పెట్టుకోవడం పెద్ద ఖర్చు కాదు.

సెప్టిక్ ట్యాంకు మూత దగ్గర

ప్లంబర్‌ను పిలిచే ఇళ్లవాళ్లలో చాలామంది అడిగేది ఇదే: ‘లైను జామ్ అయింది, కొంచెం దిగి చూడరాదూ.’ ఆ ‘కొంచెం దిగి చూడటం’ దగ్గరే ప్రాణాలు పోతున్నాయి. మూత తీయగానే లోపల మామూలు గాలి ఉన్నట్టే కనిపిస్తుంది. మురుగు కుళ్లినప్పుడు పుట్టే హైడ్రోజన్ సల్ఫైడ్ మొదట కుళ్లిన గుడ్ల వాసన వేస్తుంది. మోతాదు పెరిగితే వాసన తెలిసే శక్తినే చంపేస్తుంది. ‘ఇప్పుడు వాసన తగ్గింది, దిగొచ్చు’ అనుకున్న క్షణమే అన్నిటికన్నా ప్రమాదకరమైన క్షణం. రెండు మూడు శ్వాసల్లో మనిషి కూలబడతాడు. పైనున్నవాడు తమ్ముడో, బావమరిదో అయి ఉంటాడు. ఆగలేక దూకుతాడు. ఇలాంటి వార్తల్లో ఒకరు కాకుండా ఇద్దరు ముగ్గురు పోవడానికి కారణం ఇదే. చాలా రోజులుగా మూసి ఉన్న నీటి సంపు కూడా నమ్మదగింది కాదు. లోపల కొత్తగా వాటర్‌ప్రూఫింగ్ పూత పూసి ఉన్నా, ఇంజిన్ పంపు దించి నీళ్లు తోడుతున్నా గాలి విషమవుతుంది.

2013లో వచ్చిన మాన్యువల్ స్కావెంజింగ్ (మనుషుల చేత మలం, మురుగు తీయించడం) నిషేధ చట్టం ఈ విషయంలో చాలా స్పష్టంగా ఉంది. 2013 డిసెంబర్ 6 నుంచి అమల్లో ఉన్న ఈ చట్టం ప్రకారం రక్షణ సామగ్రి, జాగ్రత్తలు లేకుండా మురుగు కాలువలోకి గానీ సెప్టిక్ ట్యాంకులోకి గానీ మనిషిని ఎవరూ దింపకూడదు. ‘ఎవరూ’ అంటే కార్పొరేషన్, కాంట్రాక్టర్, ఇంటి యజమాని అందరూ. నేరుగా పెట్టుకున్నా, మేస్త్రీ ద్వారా పెట్టుకున్నా ఒకటే. మొదటిసారికి రెండేళ్ల దాకా జైలు లేదా రెండు లక్షల దాకా జరిమానా, లేదా రెండూ. రెండోసారికి ఐదేళ్లు, ఐదు లక్షలు. బెయిలు దొరకని నేరం. కార్మికుడు ఒప్పుకున్నాడని, ఎక్కువ డబ్బు అడిగి మరీ దిగాడని చెప్పినా చెల్లదు.

సుప్రీంకోర్టు 2014 మార్చి 27న ఇచ్చిన తీర్పులో ఇలాంటి మరణాలకు 10 లక్షల పరిహారం నిర్ణయించింది. 2023 అక్టోబర్ 20న దాన్ని 30 లక్షలకు పెంచింది, శాశ్వత వైకల్యానికి 20 లక్షలకు తగ్గకూడదని చెప్పింది. 2025 జనవరి 29న హైదరాబాద్ సహా ఆరు మహానగరాల్లో మనుషుల చేత మురుగు తీయించడం పూర్తిగా ఆగాలని ఆదేశించింది. తీర్పులు ఇంత గట్టిగా ఉన్నాయి. వీధిలో ‘దిగి చూడరాదూ’ అన్న మాట ఇంకా వినపడుతోంది.

దీనికి ప్రత్యామ్నాయం లేక కాదు. హైదరాబాద్ జలమండలి 2017లోనే సన్న గల్లీల్లోకి వెళ్లగలిగే 70 మినీ జెట్టింగ్ యంత్రాలను (నీటిని గట్టిగా చిమ్మి మురుగు లైను శుభ్రం చేసేవి) తెచ్చి, వాటిని దళిత యువ వ్యాపారుల చేతుల్లో పెట్టింది. తర్వాత వేరే నగరాలు ఆ పద్ధతిని చూసి నేర్చుకున్నాయి. ప్లంబింగ్ వ్యాపారం చేసేవాళ్లకు ఇందులో మంచి దారి ఉంది. నలుగురైదుగురు మేస్త్రీలు కలిసి ఒక జెట్టింగ్ యంత్రం, డ్రెయిన్ కెమెరా కొనుక్కుంటే దిగకుండా చేసే పని అమ్ముకోవచ్చు. అంతవరకు చేయాల్సింది ఒకటే. సెప్టిక్ ట్యాంకు పిలుపు వస్తే వాక్యూమ్ ట్యాంకర్ తెప్పించమని చెప్పి, ట్యాంకు బయటి లైను వరకే పని ఒప్పుకోవాలి. ‘దిగం’ అన్న మాట వల్ల ఒక కస్టమర్ పోతాడేమో, పోనివ్వాలి.

బిల్డర్ బాధ్యత ఎంత

ఇంటి పనికీ అపార్ట్‌మెంట్ పనికీ చట్టం దృష్టిలో చాలా తేడా ఉంది. సొంతిల్లు కట్టుకునే మనిషి నిర్మాణ వ్యాపారి కాడు. కాబట్టి ప్రమాద పరిహారం విషయంలో మేస్త్రీ తర్వాత బాధ్యత మామూలుగా అతని మీద పడదు. సొంతానికి కట్టుకునే ఇల్లు 10 లక్షలు దాటితే భవన నిర్మాణ కార్మికుల చట్టం కిందికి వచ్చేది. కొత్త కోడ్ ఆ పరిమితిని 50 లక్షలకు పెంచింది. మామూలు ఇళ్లు చాలావరకు దీంతో బయటికి పోయాయి. అక్కడ హెల్పర్‌కు మేస్త్రీయే దిక్కు.

వ్యాపారం కోసం కట్టే బిల్డర్ సంగతి అలా కాదు. తన వ్యాపారంలో భాగంగా పనిని కాంట్రాక్టర్‌కు అప్పగించినవాడు, ఆ కాంట్రాక్టర్ మనిషికి ప్రమాదం జరిగితే పరిహారం కట్టాలి, తర్వాత కాంట్రాక్టర్ దగ్గర రాబట్టుకోవచ్చు. అలాగే 50 మంది కాంట్రాక్టు కార్మికులన్న లెక్క ప్లంబింగ్ జట్టుది కాదు, మొత్తం సైటుది. తాపీ, రాడ్ బెండింగ్, ఎలక్ట్రికల్, పెయింటింగ్, ప్లంబింగ్ అన్నీ కలిపితే ఒక మోస్తరు అపార్ట్‌మెంట్‌లో 50 దాటడం కష్టం కాదు. అలా దాటిన చోట తాగునీరు, మరుగుదొడ్డి, విశ్రాంతి గది లాంటి వసతులు బిల్డరే కల్పించాలి. కాంట్రాక్టర్ కూలీ ఎగ్గొడితే బిల్డరే చెల్లించాలి. పెద్ద బిల్డర్లు ఇప్పుడు ముగ్గురున్న జట్టును కూడా ఆధార్ కాపీలు, హాజరు, బీమా పాలసీ అడుగుతున్నారంటే దానికి మూలం ఇక్కడే ఉంది. చట్టం నేరుగా చిన్న జట్టు మీదికి రాకపోయినా, బిల్డర్ కాగితాల గుండా వస్తోంది. ఆ కాగితాలు సిద్ధంగా ఉన్న మేస్త్రీకే పెద్ద సైట్లు దొరుకుతాయి.

ఈ జట్లలో తెలుగువాళ్లతో పాటు ఒడియా మాట్లాడేవాళ్లు చాలామంది ఉంటారు. ఒడిశాలోని కేంద్రాపడా జిల్లా, ముఖ్యంగా పట్టాముండై, ఆళి ప్రాంతాలు ప్లంబర్లకు దేశమంతా పేరు. పట్టాముండైలో ప్లంబింగ్ కోసమే ఒక ప్రభుత్వ శిక్షణ సంస్థ ఉంది. 1979 వలస కార్మికుల చట్టం కాంట్రాక్టర్ తీసుకొచ్చినవాళ్లనే వలస కార్మికులుగా చూసేది. అన్న వెనక తమ్ముడిగా, రైలెక్కి సొంతంగా వచ్చినవాడు దాని లెక్కలోకి రాలేదు. కొత్త కోడ్ నెలకు 18,000 లోపు వేతనం ఉన్న అలాంటివాళ్లనూ లెక్కలోకి తీసుకుంది, సొంతూరికి వెళ్లి వచ్చే ప్రయాణ ఖర్చు కింద ఏటా ఒక మొత్తం ఇవ్వాలంది. కానీ ఐదుగురితో మొదలయ్యే చట్టం కాస్తా పది మందికి పెరిగింది. ఒక చేత్తో ఇచ్చి ఇంకో చేత్తో తీసుకున్నట్టయింది.

సంఖ్యతో పని లేకుండా కార్మికుడు తనంతట తాను తీసుకోగలిగేది భవన నిర్మాణ కార్మికుల సంక్షేమ బోర్డు కార్డు. 18 నుంచి 60 ఏళ్ల లోపు ఉండి, గడిచిన ఏడాదిలో 90 రోజులు నిర్మాణ పని చేస్తే చాలు. భవనాల మీద వసూలయ్యే ఒక శాతం సెస్సు ఈ బోర్డులకే చేరుతుంది. ప్రమాద మరణానికి సాయం, ప్రసూతి సాయం లాంటివి దాన్నుంచే అందుతాయి. హెల్పర్లందరికీ ఈ కార్డు ఉందో లేదో మేస్త్రీ ఒక ఆదివారం కూర్చుని చూసుకోవచ్చు.

నెల జీతాలిచ్చే కంపెనీలకు

పది, ఇరవై మంది నెల జీతగాళ్లున్న ప్లంబింగ్ కంపెనీలకు ముఖ్యమైన మార్పు ‘వేతనం’ అన్న మాటకు ఇచ్చిన కొత్త నిర్వచనం. హెచ్‌ఆర్‌ఏ, కన్వేయన్స్ లాంటి అలవెన్సులు మొత్తం జీతంలో సగం దాటితే, దాటిన భాగాన్ని వేతనంలో కలపాలి. ఒక సూపర్‌వైజర్‌కు 24,000 ఇస్తూ, బేసిక్ 8,000, అలవెన్సులు 16,000 చూపిస్తున్నారనుకోండి. సగం అంటే 12,000. దాటిన 4,000 బేసిక్‌కు చేరి వేతనం 12,000 అవుతుంది. 12 శాతం పీఎఫ్ 960 నుంచి 1,440కి పెరుగుతుంది, గ్రాట్యుటీ కూడా ఆ లెక్కనే. ఒక ప్రాజెక్టు వరకే ఏడాదికో రెండేళ్లకో ఒప్పందం మీద తీసుకున్నవాళ్లకు గ్రాట్యుటీ కోసం ఐదేళ్లు ఆగే పని లేదు, ఏడాది చాలు. ప్రాజెక్టుల మీద బతికే ప్లంబింగ్ కంపెనీలు తర్వాతి టెండర్ రేట్లలో ఈ ఖర్చును వేసుకోకపోతే నష్టపోతాయి.

మన జగిత్యాల, నిజామాబాద్, కోనసీమ, కడప వైపు నుంచి గల్ఫ్ వెళ్లిన ప్లంబర్లకు ఇంకో తరహా చట్టం అలవాటు. యూఏఈలో జూన్ 15 నుంచి సెప్టెంబర్ 15 దాకా మధ్యాహ్నం 12:30 నుంచి 3 గంటల వరకు ఎండలో పని చేయించకూడదు. కంపెనీలో ముగ్గురున్నా, మూడు వేల మంది ఉన్నా అదే నిబంధన. ఉల్లంఘిస్తే కార్మికుడికి 5,000 దిర్హామ్‌ల చొప్పున, 50,000 దాకా జరిమానా. అక్కడి కార్మిక పరిస్థితుల్లో లోపాలు ఎన్నో ఉన్నాయి, కానీ ఈ ఒక్క నిబంధనను చూసి నేర్చుకోవాలి. మే నెలలో డాబా మీద ఓవర్‌హెడ్ ట్యాంకు బిగించేవాడికి ఎండ ఎంత కొడుతుందో దానికీ, జట్టులో తలల లెక్కకూ సంబంధం లేదు.

ఆగిన బిల్లు

మేస్త్రీ మీద ఇన్ని బాధ్యతలు పెట్టినప్పుడు, అతనికి రావాల్సిన డబ్బు సంగతేంటన్నది న్యాయమైన ప్రశ్న. దానికి 2006 నాటి ఎంఎస్ఎంఈ (సూక్ష్మ, చిన్న, మధ్య తరహా సంస్థల) చట్టం ఉంది. ఇలాంటి సంస్థల కోసం కేంద్రం పెట్టిన ఉద్యమ్ పోర్టల్‌లో రిజిస్ట్రేషన్ ఉచితం, ఆధార్, పాన్ చాలు. రిజిస్టరైన చిన్న వ్యాపారికి ఒప్పందం రాసుకోకపోతే 15 రోజుల్లో, రాసుకున్నా గరిష్ఠంగా 45 రోజుల్లో బిల్లు చెల్లించాలి. ఆలస్యమైతే బ్యాంకు రేటుకు మూడింతలు చక్రవడ్డీ. పైగా 2024 ఏప్రిల్ 1 నుంచి ఆదాయ పన్నులో కొత్త నిబంధన వచ్చింది. చిన్న వ్యాపారికి గడువులోగా చెల్లించని డబ్బును బిల్డర్ ఆ ఏడాది ఖర్చుగా చూపించుకోలేడు, కట్టిన ఏడాదిలోనే చూపించుకోవాలి. మార్చి నెలలో బిల్డర్ల అకౌంటెంట్లు ఉద్యమ్ నంబర్లు అడగడం వెనక ఉన్నది ఈ టెన్షనే.

ఒక చిక్కు ఉంది. సామగ్రి, కూలీ కలిపి గుత్తకు పట్టిన పనికి ఈ చట్టం వర్తిస్తుందా అన్న దాని మీద హైకోర్టులు వేర్వేరుగా చెప్పాయి. కూలీకి మాత్రమే పట్టిన పని అయితే అది సేవ అని చూపించడం తేలిక. కాబట్టి రెండూ కలిపి చేసినా సామగ్రి బిల్లు, కూలీ బిల్లు విడివిడిగా రాసుకోవడం మంచిది. బిల్లు మీద తేదీ, ఉద్యమ్ నంబర్ వేసి, బిల్డర్ మనిషి చేత అందినట్టు సంతకం పెట్టించుకోవాలి, లేదా వాట్సాప్‌లో పంపి ఆ మెసేజ్ దాచుకోవాలి. గడువు దాటితే రాష్ట్రంలోని ఫెసిలిటేషన్ కౌన్సిల్‌కు ఆన్‌లైన్‌లో ఫిర్యాదు చేయవచ్చు. ఆ ఫిర్యాదును 90 రోజుల్లో తేల్చాలని చట్టం చెబుతోంది.